యాదమ్మ పడవ నీటి గీత

2023 చలికాలం. ధూల్‌పేటలో మాది ఒక్క గది. గణపతి విగ్రహాలకు రంగులేసే పని లేని నెలల్లో ఫోటోలు చూసి ఆయిల్ పెయింటింగులు వేస్తాను. ఎక్కువగా పోయినవాళ్ల బొమ్మలే. మా ఆవిడ పోయి అప్పటికి అయిదు నెలలు. ఆమె బొమ్మ మాత్రం మొదలుపెట్టలేదు.

సైదాబాద్ నుంచి యాదమ్మ వచ్చింది. ఆమె భర్త మల్లేశ్ పంపు ఆపరేటర్. ఆదివారాలు ఊరి చివరి చెరువులో చేపలు పట్టేవాడు. వానాకాలంలో గుండెపోటుతో పోయాడు. ఆయన బొమ్మ వద్దని, ఆయన పడవ బొమ్మ కావాలని అడిగింది. చెక్క పుచ్చిపోయింది, ఎల్లుండి విప్పేస్తున్నారట. అంటే ఫోటోలకు దొరికేది రేపటి పొద్దుటి పూట ఒక్కటే.

రిఫరెన్స్ ఫోటో అంటే అందమైన ఫోటో కాదు, తర్వాత చూసి కొలుచుకోవడానికి పనికొచ్చేది. దగ్గర నుంచి తీస్తే పడవ ముందు కొస ఉబ్బినట్టు వస్తుంది, అందుకే దూరంగా నిలబడి జూమ్ చేస్తాం. కెమెరా పడవ అంచు ఎత్తులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం వాటర్‌లైన్, నీళ్లు చెక్కను తాకే గీత. అది తప్పితే బొమ్మలో పడవ నీళ్లకు అతికించినట్టు ఉంటుంది.

ఆ పొద్దున చెరువు మీద గాలి లేదు. ఖాళీ పడవ వెనక కొస నాలుగు వేళ్ల మేర కిందికి దిగి ఉంది. లోపల నీళ్లు చేరాయేమోనని చూశాను. పొడిగా ఉంది. రాయి లేదు, వల లేదు. యాదమ్మ తమ్ముడు నర్సింహ ముందు కొసను నొక్కి పట్టుకున్నాడు. వదలగానే పడవ మళ్లీ వెనక్కే వాలింది.

"దీనికి గూడ నడుం నొప్పి లేసిందేమో అన్నా," అన్నాడు. 

అలాగే ఇరవై ఫోటోలు తీశాను. ఇంతలో యాదమ్మ, నేను వద్దనేలోపే, ఎక్కి ముందు పలక మీద కూర్చుంది. ఎప్పుడూ అక్క అక్కడే, బావ తెడ్డు పట్టుకుని వెనకాల, అని నర్సింహ నాతో మెల్లగా చెప్పాడు. పడవ సమంగా నిలిచింది. ఆమె వెనక్కి తిరగలేదు. గ్యాస్ సిలిండర్ గురించి, చిన్న కూతురి పరీక్షల గురించి కాసేపు మాట్లాడింది. తర్వాత దిగింది.

బరువు తగ్గింది కనుక ముందు కొస పైకి లేవాలి, వెనక కొస దిగాలి. అలా జరగలేదు. పడవ మొత్తం కాస్త పైకి తేలి, సమంగానే ఉండిపోయింది.  నేను మరో పది ఫోటోలు తీశాను.

ఖాళీ పడవ సమంగా ఉండాలనేది మా లెక్క. అలవాటు ప్రకారం చివరి పది ఫోటోలు ముందు పెట్టుకుని బొమ్మ పూర్తిచేశాను. మూడు వారాలకు యాదమ్మ వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడింది. తప్పేమిటని అడిగాను.

"మంచిగనే ఏసినవ్ అన్నా. గని గిది ఆయన దిగిపోయినంక తీసింది. గంతకుముందుది ఎయ్యి."

అప్పటికి పడవ లేదు. ఆ వాలు ఉన్నవి మొదటి ఇరవై ఫోటోలే. వాటర్‌లైన్ గీకేసి, వెనక కొసను నాలుగు వేళ్లు కిందికి దించాను. ఆమె చూసి తల ఊపి, బొమ్మను చీర కొంగుతో కప్పి తీసుకెళ్లింది.

ఆ తర్వాత నుంచి ఫోటోలో ఏదైనా వంకర కనిపిస్తే నాకు నేనుగా సరిచేయను. తెచ్చినవాళ్లను అడుగుతాను. చాలామంది సరిచేయమంటారు. కొందరు కాసేపు చూసి, వద్దు, ఉండనీ అంటారు. ఎందుకని నేను అడగను.