రాజలింగం చూసేది కాళ్ళు

రాజలింగానికి మనుషుల ముఖాలు గుర్తుండవు, పాదాలే గుర్తుంటాయి. ముంబైలో గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎవరో నా కాళ్ళను పలకరించారు.

"ఏం సార్, కొత్త చెప్పులా? ఎప్పుడొచ్చినవ్?"

రాజలింగమే. నాలుగేళ్ళకు కలిశాం. నా నెరిసిన గడ్డం వైపు తలెత్తనే లేదు. ముప్పై ఏళ్ళు ఒక దవాఖాన ల్యాబులో మలపరీక్ష సీసాలు మోసి రిటైరైన మనిషి. కొంకిపురుగు ఉత్తకాళ్ళలోంచి ఒంట్లోకి దూరుతుందని అక్కడే తెలుసుకున్నాడు. అప్పట్నుంచి తానుండే కామాటిపుర అంతా ఆయనకు అరికాళ్ళ బజారు. పెళ్ళిచూపుల్లో తన మడమలు మాత్రమే చూసి ఒప్పుకున్నాడని భార్య మంగళ ఇప్పటికీ దెప్పుతుంది.

మాట్లాడుకుంటూ ఫాక్‌లాండ్ రోడ్ మలుపు తిరిగామో లేదో, ఠక్కున ఆగాడు. ఒకే కప్పు కింద వరసగదులున్న పాత చాల్ ఒకటి కూల్చి పునాది తవ్వుతున్నారు. మట్టి తట్ట దించి ఆయాసపడుతోంది మమత. రాజలింగం వాళ్ళ గల్లీలోనే ఉంటుంది, పాలమూరు నుంచి కూలికొచ్చిన పిల్ల. ఆరో నెల. కాళ్ళకు చెప్పుల్లేవు.

"మళ్ళా ఉత్తకాళ్ళేనా బిడ్డా!"

"మొక్కు, పెద్దనాయినా. తొలిచూలు దక్కలే. ఈసారి కాన్పు దాక చెప్పులు తొడగనని పోచమ్మకు మొక్కిన."

రాజలింగం నా వైపు, అంటే నా కాళ్ళ వైపు, తిరిగాడు.

"సార్, నువ్వు చదివినోడివి, చెప్పు. తల్లి కడుపుల పురుగుంటే లోపలి బిడ్డ దాన్ని చుట్టమనుకుంటది. ఇగ ఒళ్ళు పోట్లాడుడు మర్చిపోతది. పుట్టినంక టీకా ఏసినా సరిగ్గ పట్టదు. అవునా?"

"కావచ్చునంటున్నారు. ఇంకా పరిశోధిస్తున్నారు."

"నాకు 'కావచ్చు' చాలు."

"మొక్కు తప్పితే బిడ్డకేమన్నయితే?" అంది మమత. "ఎవరు జిమ్మేదారు?"

రాజలింగం తలెత్తాడు. ఆయన ఒకరి ముఖం చూడటం నేను చూసింది అదే మొదలు. ఆ తర్వాత తన చెప్పులు విప్పి ఆమె ముందు పెట్టాడు.

"పెద్దనాయినా అన్నవు గద. ఇంటి పెద్ద మొక్కు మోస్తే పోచమ్మ కాదంటదా? కాన్పు దాక ఉత్తకాళ్ళు నాయి, చెప్పులు నీయి. రేపు మంగళ నిన్ను దవాఖానకు తోలుకపోతది. డాక్టరమ్మ చూసి మందిస్తది."

మమత ఆలోచించింది. "మధ్యల తొడగొద్దు మరి."

"తొడగను."

"యాడికి పోయినా."

"సండాస్‌కు కూడానా?" రాజలింగం గొంతు పీలగా వచ్చింది.

"మొక్కంటే మొక్కే."

తాముండే చాల్ మొత్తానికీ ఉన్న ఆ ఒక్క మరుగుదొడ్డిని తలచుకుని కళ్ళు మూసుకున్నాడు. "సరే."

మమత తన పాదాలకు బెత్తెడు పెద్దవైన ఆ చెప్పుల్లో టపటపా రెండడుగులు వేసి నవ్వింది.

ఆయన అప్పటికే రోడ్డు దాటుతున్నాడు. అవతల చాయ్ బండి దగ్గర ఎవడో ఉత్తకాళ్ళతో నిలబడ్డాడు.

"ఏయ్! చెప్పులేవిరా?"

"నీవేవి కాకా?"

"నాకు మూడు నెలల్ల కాన్పున్నది!" అని కసిరి, పోయొస్తానని నాతో ఒక్క మాటైనా అనకుండా, వేడి తారు మీద గెంతుకుంటూ గల్లీలోకి వెళ్ళిపోయాడు.