రాజన్న ఫోన్ నిండా చీరలు

ఇప్పటి ఫోన్లలో టార్చి ఎక్కడుందో వెతకడానికి ఇంకో టార్చి కావలసి వస్తోంది. 2007లో అలా కాదు. బొటనవేలితో నొక్కితే వెలుగు. ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగు రోజులు. కాకపోతే ఇన్‌బాక్స్, అంటే మెసేజ్‌లు దాచే చోటు, అగ్గిపెట్టెంత. అది నిండితే కొత్త మెసేజ్ లోపలికి రాదు. ఈ సంగతి నిజామాబాద్‌లో నాకంటే బాగా తెలిసినవారు తక్కువ. దాన్ని నింపడమే నా వృత్తి.

బస్టాండు దగ్గర ఒక గదిలో నాది బల్క్ ఎస్సెమ్మెస్ వ్యాపారం: ఒక్క నొక్కుతో వేలమందికి ప్రకటన పంపడం. ఒక చీరల దుకాణం నన్ను పోషించేది. ఆ ఏడే ‘డూ నాట్ కాల్’ రిజిస్టర్ వచ్చింది. అందులో నంబరు రాయించుకున్నవారికి ప్రకటనలు పంపకూడదు. అది కేవలం నా పొట్టకొట్టడానికే తెచ్చారని టీకొట్టు దగ్గర చాలాసార్లు నిరూపించాను.

చెరకు కోతల కాలంలో, ఎవరో మెసేజ్ చదివి దుకాణం పేరు చెబితే, దుకాణంవాళ్లు నా గదికి దారి చూపిస్తే, ఎడపల్లి రైతు రాజన్న వచ్చి తన ఫోన్ నా బల్ల మీద పెట్టాడు.

“సారూ, గివి నీవేనా?”

చూస్తే అన్నీ నా చీరలే.

“తీసెయ్యలేదా అన్నా?”

“ఇంగ్లీషుల ఉన్నయి. సర్కారువేమో అని పైలంగ దాసిన.”

రైతులకు కోత వంతులు వేసే చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్ కటింగ్ ఆర్డర్, అంటే కోత వంతు వచ్చిందన్న కబురు, మెసేజ్‌లో పంపాడట. దానికి చోటు దొరకలేదు. కోత ముఠా పక్క చేనికి పోయింది. రాజన్న రెండెకరాల చెరకు నిలబడి ఎండుతోంది. ఎండినకొద్దీ తూకం పోతుంది.

స్కూటర్ మీద ఇద్దరం ఎడపల్లిలోనే ఉండే ఫీల్డ్‌మన్ దగ్గరకు పోయాం. నేరం ఒప్పుకున్నాను.

“కోత ఎందుకు తప్పిందో రిజిస్టర్ల ఏం రాయాలె? చీరలు అడ్డమొచ్చినయని రాయాల్నా?” అని నవ్వి, పది రోజులకు మళ్లీ వంతు వేశాడు. పోయిన తూకం మాత్రం పోయింది.

ఆ తర్వాత దుకాణంలో “మెసేజ్ పంపమంటారా?” అని అడిగి మరీ నంబర్లు రాసుకున్నాం. జాబితా వేలనుంచి వందలకు దిగింది. యజమాని దసరా దాకా నాతో ముభావంగా ఉన్నాడు. దసరాకు ఆ వందల్లోనివాళ్లే మెసేజ్ చూపించి చీరలు కొన్నారు. అడగడం కూడా వ్యాపారంలో భాగమని నాకు నేర్పడానికి ఒక చట్టమూ, రెండెకరాల చెరకూ కావలసి వచ్చాయి.

ఆ గది ఇప్పుడు లేదు. ఆ ఫోన్లూ లేవు. ఆ రోజు ఎడపల్లిలో నేను స్కూటర్ తిప్పుకుంటుంటే రాజన్న అడిగిన మాట ఉంది.

“నా నంబరు నీకెవలిచ్చిండ్రు?”

“నువ్వే అన్నా. దుకాణంలో లక్కీ డ్రా చీటీ మీద రాశావు కదా.”

“కుక్కర్ వస్తదంటే డబ్బల ఏసిన. నీకియ్యలే.”