మొగిలయ్య కొట్టిన జింక

నాచారంలో ఆ బ్యాంకుకు ఒక్కసారి వెళ్లినవాళ్లకైనా మొగిలయ్య గుర్తుంటాడు. గాజు తలుపు పక్కన రెండు గొట్టాల తుపాకి భుజానికి తగిలించుకుని నిలబడి ఉంటాడు. పక్కనే కుర్చీ ఉంటుంది కానీ కూర్చోడు. కూర్చుంటే డాబు తగ్గుతుందట! వయసు యాభై ఏడు. మీసం మాత్రం పాతికేళ్ల కుర్రాడిది, దానికి రోజూ రంగు పడాల్సిందే.

ఆయన గురించి బ్యాంకులోనూ, ఆయనుండే ఉప్పల్ గల్లీలోనూ తెలియనివాళ్లు లేని సంగతి ఒకటుంది. జింక. ఎనభై తొమ్మిదిలో అడవిలో, వంద గజాల దూరంలో నిలబడ్డ జింకను ఒకే ఒక్క దెబ్బకు పడగొట్టాడు మొగిలయ్య. పాస్‌బుక్ ప్రింటు కోసం వరుసలో నిలబడ్డవాళ్లు ఆ కథ వినకుండా ఇంటికి పోలేరు. విన్న ప్రతిసారీ జింక జానెడు పెరిగి ఉంటుంది.

ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ తుపాకిని మొగిలయ్య తన జన్మలో ఒక్కసారి కూడా పేల్చలేదు.

నవ్వకండి, పేల్చే అవసరం రాలేదు పాపం. తుపాకి మామగారు పోశయ్యది. ఆయన పోయాక లైసెన్సుతో పాటు అల్లుడి పేరు మీదికి వచ్చింది. దానితో పాటు జింక కథ కూడా వచ్చింది. మొదట్లో ‘మా మామ కొట్టిండు’ అని చెప్పేవాడు. రెండేళ్లు గడిచేసరికి మామ కథలోంచి జారిపోయాడు. ఇక సెక్యూరిటీ కంపెనీ ఏటా పెట్టే ఫైరింగు పరీక్ష అంటారా, పాత సూపర్‌వైజరు దాన్ని ఇరానీ హోటల్లో పెట్టేవాడు. చాయ్ తాగడం, సంతకం పెట్టడం, అయిపోయింది పరీక్ష. దసరాకు భార్య వెంకటనర్సమ్మ తుపాకికి పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కట్టి, హారతి ఇచ్చేది. ఆ తుపాకికి ఇరవై ఏళ్లలో తగిలిన నిప్పు ఆ హారతి ఒక్కటే.

ఈ ఏడు కథ అడ్డం తిరిగింది. కంపెనీకి విజయభాస్కర్ అని కొత్త ఆఫీసరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. సోమవారం పొద్దున్నే గన్‌మెన్లందరి ఫోన్లకూ మెసేజి పెట్టాడు: ‘శనివారం ఫైరింగ్ రేంజిలో ప్రతి ఒక్కరూ ఐదు రౌండ్లు పేల్చాలి. మూడు తగలకపోతే తుపాకి డ్యూటీ ఉండదు. కర్ర ఇస్తాం, పార్కింగులో నిలబడండి.’

మొగిలయ్య ఆ మెసేజిని మూడుసార్లు చదివాడు. పార్కింగులో కర్ర! స్కూటర్లు సర్దడం! రేపటినుంచి ఎవరైనా ‘జింక మొగిలయ్య’ అంటారా? ‘ఏయ్, ఆ బండి జర్ర పక్కకు పెట్టు’ అంటారు. ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే పై వాటా నరేందర్ మెట్లు దిగి వచ్చాడు. అతనికి ముప్పై ఏళ్లుంటాయి. అమెరికాలో వేట సామాన్లు అమ్మే దుకాణానికి వచ్చే మెయిళ్లకు ఉప్పల్లో కూర్చుని జవాబులు రాసే ఉద్యోగం. ఆఫీసులో అతని పేరు నేట్. హోదా రైఫిల్ సలహాదారు. దీపావళికి సుతిలి బాంబు వత్తి కనబడితే బాత్రూంలో దూరి గడియ పెట్టుకునే రకం.

“మామా, నువ్వే దిక్కు,” అన్నాడు. “డోరతీ అని ఒక ముసలామె. డెబ్బై ఒక్కేండ్లు, భుజం ఆపరేషన్ అయింది. జింకల వేటకు పోవాల్నంట. మొగుని పాత రైఫిలు గాడిద తన్నినట్టు తంతుందంట. జర మెల్లగ తన్నే రైఫిలు, తూటా చెప్పమంటది.”

“నీకు తెల్వదారా? నీ నౌకరే గది గదా?”

“చార్టు పంపిన మామా. చిన్న తూటా అయితే తక్కువ తంతది, బరువు తుపాకి అయితే ఇంక తక్కువ తంతది, వెనక మందం రబ్బరు ఉంటే ఇంక మంచిది. టూ ఫోర్టీ త్రీ అని ఒక సైజుంది, జింకకు సరిపోతది, భుజానికి నొప్పి గూడ తక్కువే. అన్నీ రాసిన. ‘చార్టు నేనూ చదువుకోగలను నాయనా, భుజం మీద ఎట్లుంటదో చెప్పు’ అని తిరిగి రాసింది. నేను తుపాకి ముట్టిన మొగోణ్నా? నువ్వంటే జింకను కొట్టినోనివి!”

వెంకటనర్సమ్మ అక్కడే చిక్కుడుకాయలు ఈనె తీస్తూ కూర్చుని ఉంది. ఆమె ముందు తెలియదని ఎట్లా అంటాడు? మొగిలయ్య మీసం దువ్వి, గొంతు సవరించుకున్నాడు.

“గదేం పెద్ద ముచ్చట? తుపాకిని బుజానికి ఆనియ్యొద్దు. రెండు వేళ్ల సందు ఇడువాలె. అప్పుడు అది వెనకకు తన్నినా దెబ్బంత గాలికి పోతది. నేను జింకను గట్లనే కొట్టిన. రాసుకో.”

నరేందర్ భక్తిగా రాసుకున్నాడు. వెంకటనర్సమ్మ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ చిక్కుడుకాయల మీద పడింది.

మర్నాడు పొద్దున్నే డోరతీ నుంచి జవాబొచ్చింది. మొగిలయ్య యూనిఫారం బొత్తాలు పెట్టుకుంటుంటే నరేందర్ తలుపు దగ్గర నిలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చదివాడు.

“‘మీ మామ జింకను కొట్టలేదు. అసలు ఏదీ కొట్టలేదు. రెండు వేళ్ల సందు ఒక్కసారి వదిలిన మనిషి మళ్లీ ఆ సలహా ఎవరికీ ఇవ్వడు. అయినా ఆయనను అడిగానని చెప్పండి. నన్ను ఇంతగా నవ్వించి చాలా ఏళ్లయింది.’ ...మామా, నిజమేనా?”

ఏడు సముద్రాల అవతలి ముసలమ్మ, ముఖం చూడకుండా, ఒక్క ముక్కతో గాలి తీసేసింది! మొగిలయ్య ముందు కోపానికొచ్చాడు. చివరికి మంచం అంచున కూలబడ్డాడు.

“నిజమేరా. పేల్చలే. పేలుతదంటేనే గుండె దడదడ. శనివారం నా ఇజ్జత్ పోతుందిరా నరేందర్. నీకు దండం పెడుత, గామెనే అడుగు. నాకోసం అడుగు.”

ఆ వారమంతా ఉప్పల్ నుంచి అమెరికాకు మెయిళ్లే మెయిళ్లు. రైఫిల్ సలహాదారు తన కస్టమరును సలహా అడగడం ఆ ఆఫీసు పుట్టాక అదే మొదలు. డోరతీ మాత్రం విసుక్కోకుండా రాసింది. తుపాకిని భుజంలోకి గట్టిగా లాక్కోవాలి, మనవణ్ని హత్తుకున్నంత గట్టిగా. సందు వదిలితే అది పరుగెత్తుకొచ్చి గుద్దుతుంది, వదలకపోతే నెడుతుంది, అంతే. ఒళ్లు కాస్త ముందుకు వాల్చాలి. చెంపను తుపాకి వెనక చెక్కకు ఆనించాలి. చొక్కా లోపల తువ్వాలు మడిచి పెట్టుకోవడం నామోషీ కాదు. కళ్లు మూసుకోవడమే నామోషీ.

డాబా మీద సాధన మొదలైంది. తుడుపు కర్రను భుజానికి ఆనించి మొగిలయ్య గురి చూస్తాడు. నరేందర్ కర్ర అవతలి కొసను చెప్పుతో ఫాట్‌మని కొట్టి, నోటితో “ఢాం!” అంటాడు. మొదటి రోజు ఆ “ఢాం”కే మొగిలయ్య కళ్లు మూసుకున్నాడు. నరేందర్ కూడా మూసుకున్నాడు. బట్టలు ఆరేయడానికి వచ్చిన వెంకటనర్సమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

“గిదేంది, నా ఇల్లు తుడిచే కర్రతోని?”

“ఎక్సర్‌సైజే,” అన్నాడు మొగిలయ్య.

“మంచిదే. అయినంక అటే డాబా గూడ తుడువు.”

శనివారం రానే వచ్చింది. ఊరవతల రేంజిలో పదిమంది గన్‌మెన్లు వరుసలో నిలబడ్డారు. మొగిలయ్య వంతు దగ్గరపడింది. భయమేస్తే ఆయన నోరు ఊరుకోదు, అదే ఆయన రోగం. వెనక నిలబడ్డవాడి వైపు తిరిగి, “ఎనభై తొమ్మిదిల జింక ఇంకా దూరం ఉండె తమ్మీ. గీ కాగితం బొమ్మలు ఒక లెక్కనా? ఒక్కటే దెబ్బ...” అని అందుకున్నాడు.

“ఏ సంవత్సరం అన్నారూ?”

అడిగింది తమ్ముడు కాదు. విజయభాస్కర్. చేతిలో రిజిస్టరు, ముక్కు మీద కళ్లద్దాలు.

“ఎనభై తొమ్మిది సార్.”

“వేట మీద నిషేధం డెబ్బై రెండు నుంచీ ఉందండీ. జింకను చంపితే జైలు. లైసెన్సు తుపాకితో చంపానని మీ నోటితో మీరే చెబుతున్నారు. పోలీసులకు రాసి పంపమంటారా?”

అవునంటే తుపాకీ పోతుంది, మనిషీ లోపలికి పోతాడు. కాదంటే ఇరవై ఏళ్ల జింక పదిమంది ముందు చచ్చిపోతుంది. మొగిలయ్య ఆ పదిమందినీ చూశాడు, చేతిలో తుపాకిని చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“కొట్టలే సార్,” అన్నాడు. “జింకను కొట్టలే, కుందేలును కొట్టలే. తల్లి తోడు, గీ తుపాకి ఇప్పటిదాంక పేల్చనే లే. అన్నీ కోతలే.”

ఎవడో కిసుక్కుమన్నాడు. విజయభాస్కర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“మరింకేం? ఇవాళ పేల్చండి.”

“సార్, జర తక్కువ మందున్న తూటాలేమన్న ఉన్నయా?”

“తక్కువ వేసుకోడానికి ఇదేమన్నా కారప్పొడా? కానివ్వండి!”

మొగిలయ్య ముందుకు నడిచాడు. తువ్వాలు సర్దుకున్నాడు. తుపాకిని భుజంలోకి లాక్కున్నాడు, మనవణ్ని హత్తుకున్నంత గట్టిగా. చెంప ఆనించాడు. కళ్లు మూయొద్దు, కళ్లు మూయొద్దు అని తనకు తానే చెప్పుకుంటూ మీట నొక్కాడు.

ఢాం!

మొదటిది మట్టికట్టకు తగిలింది, రెండోది ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. కానీ భుజం విరగలేదు. నిజంగానే ఎవరో గట్టిగా నెట్టినట్టే ఉంది, అంతే! ఆ సంబరంలో మూడోది బొమ్మ చెవికి, నాలుగోది పొట్టకు, ఐదోది నట్టనడుమకు తగిలాయి. విజయభాస్కర్ రిజిస్టరులో ‘పాస్’ అని రాశాడు.

ఇంటికొచ్చిన మొగిలయ్య ముఖంలో మాత్రం కళ లేదు. వెంకటనర్సమ్మ చొక్కా విప్పించి, ఎర్రబడ్డ భుజానికి జండుబామ్ రాస్తుంటే, దొంగతనం ఒప్పుకున్నవాడిలా అంతా చెప్పాడు.

“తుపాకి దక్కింది గని, జింక పోయిందే. మీ నాయన కొట్టిన జింకను నాది అని చెప్పుకున్న. ఆయన పేరు గూడ ఖరాబ్ చేసిన.”

వెంకటనర్సమ్మ చెయ్యి ఆగింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా నాయన ఎక్కడ కొట్టిండయ్యా? తుపాకి పేలితే బుజం ఇర్గుతదని దాన్ని మేకుకు తగిలిచ్చి, మళ్ల దించలే. జింక ముచ్చట మా తాత చెప్పేటోడు. ఆయనకైతే తుపాకే లేకుండె.”

మొగిలయ్య గిర్రున ఆమె వైపు తిరిగాడు.

“గా దినం చిక్కుడుకాయల కాడ రెండు వేళ్ల సందు అన్నవ్ సూడు, మా నాయన గూడ అదే చెప్పేటోడు,” అంది వెంకటనర్సమ్మ, ఇంకొంచెం జండుబామ్ తీసుకుంటూ. “మా ఇంట్ల గా తుపాకిని పేల్చిన మొగోడివి నువ్వొక్కనివే. ఇగ కదలకుండ కూసో.”