తెల్లటి మనిషికి చెంబెడు నీళ్లు

ఆ రోజుల్లో మా రెంటచింతలలో దయ్యాలు రాత్రిపూట తిరిగేవి కావు. రాత్రిళ్లు జనమంతా ఆరుబయట మంచాలేసుకుని కబుర్లాడుతుంటే పాపం వాటికి సందెక్కడ? వాటి వేళల్లా వేసవి మిట్టమధ్యాహ్నమే.

ఆ వేసవిలో మాచర్ల రోడ్డు మలుపు దగ్గర ఒక బాటసారి గుక్కెడు నీళ్లు దొరక్క వడదెబ్బతో పోయాడు. మా ఉపదేశి మామయ్య (చర్చిలో ప్రార్థనలు చెప్పించేవాడు, బయట మా బతుకులు దిద్దేవాడు) ఎస్సెల్సీ తప్పి తిరుగుతున్న మా ముగ్గురినీ పట్టుకుని, అక్కడే తాటాకుల పందిరి వేయించి చలివేంద్రం పెట్టించాడు. “ఇంకో పానం పోతే మిమ్మల్నే అడుగుతా. కూలీ లేదు, మెప్పూ లేదు” అన్నాడు. ఆ రెండూ లేనిది ఏం పనో మాకు అంతుబట్టలేదు. పైగా చచ్చినవాడు మధ్యాహ్నం పూట నీళ్లడగడానికి వస్తున్నాడని ఊళ్లో పుకారు.

ఒకరోజు గాలి పూర్తిగా పడిపోయింది. కాకి కూడా అరవడం లేదు. రోడ్డు మీది ఎండమావిలోంచి ఒక మనిషి లేచాడు. మొదట కాళ్లు లేవు. తర్వాత కాళ్లొచ్చాయి గానీ మొహం రాలేదు. తల, చేతులు, పంచె, కనుబొమ్మలు, అంతా ఒకటే తెలుపు. చప్పుడు లేకుండా తూలుకుంటూ మా వైపే వస్తున్నాడు. “వచ్చాడ్రోయ్!” అంటూ మావాళ్లిద్దరూ చేలకు అడ్డంపడి పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు (ధైర్యం కాదు, ఎటు పరుగెత్తాలో తేల్చుకునేలోపే వచ్చేశాడు).

ఆ ఆకారం నా ముందు కూలబడి దోసిలి పట్టింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. దయ్యమైతే అయింది, దాహం మాత్రం నిజమేననిపించింది. “మరియమ్మ తల్లీ” అనుకుంటూ కళ్లు గట్టిగా మూసుకుని చెంబు వంచాను. నీళ్లు తగలగానే దయ్యానికి మాటొచ్చింది.

“నెత్తిన కాదబ్బాయ్! సున్నం ఉడుకుద్ది! నోట్లో పొయ్యి!”

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో కూలీ అట. సున్నం లారీ మీద కూర్చుని వస్తుంటే అది దారిలో చెడిపోయిందట, అక్కణ్ణుంచి నడక. కడుపునిండా తాగి, పొడి దులుపుకుని మొహం కడుక్కున్నాక తెలుపు కింద నుంచి మా నాన్న వయసు మనిషి బయటపడ్డాడు. “నువ్వు గూడా పరిగెత్తుంటే ఈడనే పొయ్యేవాణ్ణి నాయనా” అన్నాడు. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం.

మర్నాడు మామయ్య పిలవకముందే వెళ్లాను. ఇన్నేళ్లయినా, వేసవిలో ఆ కుండల దగ్గర కూర్చోని రోజు నాకు అన్నం సహించదు. ఇప్పటి కుర్రాళ్లు “తాతా, ఎండ చానా ఉంది, ఇంటికి పో, మేం చూసుకుంటాంలే” అంటారు. మంచి పిల్లలు, ఎవరూ తరమకుండానే వస్తున్నారు. నేనే కదలను.

“పోతాన్రా,” అంటాను ఎండలోకి చూస్తూ. “అదిగో, ఎవరో వస్తున్నట్టుంది. ఆళ్లు తాగినాక పోతా.”