ఇల్లు వదల్లేదు

మా మేనత్తను వీధి వీధంతా మడతత్త అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఇస్త్రీయే ఆమె పని. చొక్కాలూ చీరలే కాదు, చేతిరుమాలు, బస్సు టికెట్టు, మందుల చీటీ, ఏది చేతికొచ్చినా నాలుగు మడతలు పెడితే గానీ ఆమెకు ఊపిరాడదు. బట్టలు మడత పెడుతుంది గానీ మాట మడత పెట్టదు. అనవలసింది మొహం మీదే అనేస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా అత్త నోరు మంచిదని ఎవరూ అనలేదు, అయినా అందరూ ఆమెకే బట్టలు వేసేవారు. ఆ మడత ఇంకొకరికి రాదు మరి.

ఆమెకు ఏడేళ్ళు, మా నాన్నకు నాలుగేళ్ళు ఉన్నప్పుడు వాళ్ళమ్మ, అంటే మా నానమ్మ, ఒక పొద్దున ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఎందుకు వెళ్ళిందో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కుళాయి దగ్గర ఎవరి బిందెనైనా జరిపితే చాలు, "ఇల్లు వదిలిపోయినదాని కూతురు కదా" అన్న మాట అత్త చెవిన పడేది. నేనూ విన్నాను, మనవరాలి హోదాలో. మగవాడు ఇల్లు వదిలితే ఉద్యోగమనో, విరక్తి అనో ఏదో ఒక పేరు పెడతారు. ఆడదానికి మాత్రం ఒకటే అర్థం, అదీ బూతే. నాకు ఆ మాటంటేనే రోత.

అందుకే అత్తకు ఇల్లంటే పిచ్చి. మామయ్యతో కలిసి ఇటుక ఇటుకా పేర్చుకుని రెండు గదులు కట్టుకుంది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో కాపురం. మా ఇంటికి వచ్చినా చీకటి పడకముందే లేచి వెళ్ళేది. ఎంత బతిమాలినా ఒక్క రాత్రి కూడా ఉండేది కాదు.

మొన్నటి వానలకు ఏటిగట్టు తెగింది. నీళ్ళు కిటికీల పైదాకా వచ్చాయి. మామయ్యకు ఉబ్బసం. ఆయన్ని పడవలో పడుకోబెట్టి శిబిరం పెట్టిన బడికి చేర్చారు. వెనకే అత్త, ఊళ్ళోవాళ్ళ బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఎక్కింది. నీళ్ళు తీశాక నేనూ ఆమే వెళ్ళి చూస్తే వెనక గోడ పైనుంచి కిందిదాకా చీలి ఉంది. ఇంజనీరు అప్పటికే దాని మీద ఎర్రరంగుతో అడ్డగీత కొట్టి "ఉండరాదు" అని రాసి పోయాడు. నేను దాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాను. మోకాలి లోతు బురద. మురుగూ, కిరసనాయిలూ, కుళ్ళిన ధాన్యమూ కలిసిన ఆ వాసన ఇంకా నా గొంతులోనే ఉంది. అత్త బొగ్గుల ఇస్త్రీపెట్టె వెతికి తీసి మూత ఎత్తింది. లోపల చచ్చి ఉబ్బిన ఎలుక. మూత వేసేసింది.

బడి సంగతి ఏం చెప్పను! ఒక్కో గదిలో అరవైమంది, అందరికీ రెండే మరుగుదొడ్లు, వాటిలో ఒకటి పొంగి వరండాలోకి వచ్చింది. సాయం చేస్తామని వచ్చినవాళ్ళు ఒకే దుప్పటి ముగ్గురి చేతుల్లో పెట్టి మూడు ఫోటోలు తీసి, దుప్పటి మడిచి తీసుకుపోయారు. "ఆ మడతైనా సరిగ్గా పెట్టలేదు వెధవలు" అంది అత్త. తడి గచ్చు మీద మామయ్య దగ్గు రోజురోజుకూ ఎక్కువైంది. పొడి గదిలో ఉంచకపోతే పరిస్థితి చెయ్యి దాటిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. సోమవారం బడి తెరుస్తారు, అందరూ ఖాళీ చెయ్యాలన్నారు. ఇళ్ళు పోయినవాళ్ళకు ఆరు నెలల అద్దె సర్కారే కడుతుందట. ఆ మాట నమ్మి మేడమీద గాలీ వెలుతురూ ఉన్న గది ఒకటి చూశాం. అద్దె సాయం కాగితం తెస్తే ఇస్తాను, శనివారం దాకా ఆగుతానన్నాడు ఇంటాయన.

మంగళవారం సర్వే కుర్రవాడు వచ్చాడు. అత్త తువ్వాళ్ళు మడత పెడుతోంది.

"ఇల్లు వదిలేశారామ్మా?" అన్నాడు తలెత్తకుండా.

అత్త చెయ్యి ఆగిపోయింది. "ఏంటి నాయనా?"

"ఇల్లు వదిలేశారా, లేదా? అవునో కాదో చెప్పండి చాలు."

"ఇల్లు వదిలేసేదానిలా కనబడుతున్నానా నీ కళ్ళకి? నేను ఇల్లు వదల్లేదు. వదలను కూడా!"

"వదల్లేదు" అని గొణుక్కుంటూ టిక్కు పెట్టుకుని పక్కావిడ దగ్గరికి పోయాడు. నేను అక్కడే ఉన్నాను. నాకూ తట్టలేదు. పైగా బాగా బుద్ధి చెప్పిందని మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

బుధవారం జాబితా అంటించారు. అత్త పేరు అనర్హుల్లో ఉంది. కారణం: ఇల్లు వదలలేదు, సొంత ఇంటిలోనే నివాసం. దాని పక్కనే ప్రస్తుత చిరునామా: బడి, మూడో గది. ఒకే వరసలో రెండూ రాసిన మహానుభావుడికి చెయ్యి ఎలా ఆడిందో.

గురువారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి లైనులో నిలబడ్డాం. కౌంటర్లో కళ్ళజోడాయన. పెన్ను మూతతో చెవి తిప్పుకుని, అదే మూతతో మా కాగితాలు తిరగేశాడు.

"మీరే చెప్పారు కదమ్మా, వదల్లేదని" అన్నాడు.

"గోడ మీద ఎర్రగీత కొట్టింది మీవాళ్ళే కదయ్యా. నీళ్ళు వచ్చి వెళ్ళగొడితే వెళ్ళాను. నేనెక్కడ వదిలాను?"

"అదంతా కాలమ్‌లో లేదమ్మా. వదిలారా, వదల్లేదా. రెండే."

"మడతపేచీ అంటే ఇదే కాబోలు. మడతలు పెట్టి పెట్టి నా చేతులు అరిగాయి గానీ, ఈ మడత మాత్రం నాకూ రాదు బాబూ."

లైనంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఒక కాగితం ముందుకు తోశాడు. రేపు ఇది నింపి తెచ్చి, ఫోను ముందు నిలబడి చదవాలట. తర్వాత ఎవరూ మాట మార్చకుండా వీడియో తీస్తారట. "నేను నా ఇంటిని ఇష్టపూర్వకంగా వదిలి వెళ్ళిపోయాను" అని అచ్చు వేసి ఉంది.

"ఇష్టపూర్వకంగా ఏంటండీ?" అని నేను గొంతు పెంచాను.

"ప్రొఫార్మా అంతేనమ్మా. నేను రాసిందా?"

ఆ సాయంత్రం మామయ్య కాగితం చదివి పక్కన పెట్టాడు. "వద్దులే. ఆ మాట నువ్వు అనొద్దు. ఇంకేదైనా చూద్దాం." ఇంత చెప్పడానికి ఆయన నాలుగుసార్లు ఆగాడు.

"మీరు మాట్లాడకండి, ఆయాసమొస్తుంది" అంది అత్త.

శుక్రవారం ఆమె ఉన్న రెండు చీరల్లో మంచిది కట్టుకుంది. ఇస్త్రీ లేని చీరతో మా అత్త గుమ్మం దాటడం నేను చూడటం అదే మొదటిసారి. కళ్ళజోడాయన ఫోను పైకెత్తాడు. అత్త చదివింది. పక్కనున్న నాకే వినబడలేదు.

"గట్టిగా అమ్మా, రికార్డవ్వట్లేదు."

"నేను నా ఇంటిని ఇష్టపూర్వకంగా వదిలి వెళ్ళిపోయాను" అంది అత్త. ఈసారి ఆఫీసంతా విన్నది.

వెనకనుంచి మా వీధి ముసలాయన ఒకడు, ఏళ్ళ తరబడి ఈవిడ ఇస్త్రీ చేసిన పంచెలే కట్టినవాడు, "తల్లి పోలిక ఎక్కడికి పోతుంది!" అని కిసుక్కున నవ్వాడు. వాడి మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. అత్త తిరిగి చూడలేదు. అలవాటుగా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది.

"మడత పెట్టకూడదమ్మా, స్కానవ్వదు" అని కళ్ళజోడాయన విసుక్కుంటూ విప్పుతుంటే, పక్క బల్ల దగ్గరున్న ఉద్యోగిని తలెత్తింది.

"సార్, ఆ ప్రశ్న మొన్ననే తీసేశారు కదా. ఎర్రగీత ఫోటో ఉంటే చాలని సర్క్యులర్ వచ్చింది."

"అవునా? నాకెవరూ చెప్పలేదే" అన్నాడాయన.

అంతే. సారీ లేదు, గీరీ లేదు. ఫోటో నా ఫోన్లో మొదటి రోజునుంచీ ఉంది. చూపిస్తే రెండు నిమిషాల్లో మంజూరు కాగితం చేతిలో పెట్టాడు. అత్త చదివిన కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

"ఆ వీడియో తీసెయ్యండి" అన్నాను.

"అప్‌లోడైపోయిందమ్మా. నా చేతిలో లేదు."

శనివారం మేడమీద గదిలోకి మారాం. మామయ్యను కిటికీ దగ్గర పడుకోబెడితే మధ్యాహ్నానికి కాస్త ఊపిరి కుదుటపడి నిద్రపోయాడు. నేను గది ఊడుస్తూ కళ్ళజోడాయన్నీ, ఆ ముసలాయన్నీ, సర్వే కుర్రవాణ్ణీ పేరుపేరునా తిడుతున్నాను. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన చీర కుప్పగా పడి ఉన్నా ముట్టుకోలేదు.

"చాల్లేవే, నోరు నొప్పెడుతుంది" అంది చివరికి. "ఆ మాట రెండోసారి అన్నప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది."

నేను చీపురు ఆపాను. అత్త నోట ఆ పిలుపు నేనెప్పుడూ వినలేదు.

"ఆవిడ గురించి కూడా అందరిదీ ఇదే లెక్క. వదిలిందా, వదల్లేదా. ఇంట్లోకి ఏ నీళ్ళు వచ్చాయో ఒక్కరూ అడగలేదు."

"నీకు తెలుసా అత్తా?"

"తెలియకపోవడమేంటే? ఏడేళ్ళు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను కదా. నా కళ్ళతో చూశాను." చీర అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. "అయినా ఎవరైనా అడిగితే, ఊరితో పాటు నేనూ అదే చెప్పాను. ఇల్లు వదిలిపోయిందనే చెప్పాను."