వెండిని తొక్కుకుంటూ తిరిగాం

మల్కాపురం దగ్గర మా షెడ్డులో చెత్తను కరిగించి వెండి తీస్తాం. కరెంటు స్విచ్‌లకు వెండి బిళ్లలు చేసే వర్క్‌షాపులు నేల ఊడ్చిన దుమ్ము మాకు పంపుతాయి. సీసం, వెలిగారం కలిపి మూసలో పెట్టి కాలిస్తే, సీసం వెండిని కూడగట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేలే చిట్టెం చల్లారి నల్లటి గాజురాయవుతుంది. కొలిమి పని మా అక్క మొగుడిది. తూకాలూ లెక్కలూ నావి.

ఆ వానాకాలం ఒక కొత్త వర్క్‌షాపు సరుకు వచ్చింది. ముందుగా నమూనా పరీక్షలో తేలిన వెండిలో సగమే చేతికందింది. రెండో లోడూ అంతే. షెడ్డు ఓనరు మా బావ ముఖం చూడడం మానేసి, అతని టిఫిన్ క్యారేజీ వైపు చూడసాగాడు.

"రేపట్నుంచి గేటు దగ్గర సంచి చూపించి వెళ్లు," అన్నాడు.

బావ నావైపు తిరిగాడు. "ఏటి బావా, నాను దొంగనా? నీ లెక్క ఏటి సెప్తంది? సంచి ఇప్పమంటే నానింక కొలిమి ముట్టను."

అతను మానేస్తే, దొంగ కాబట్టే పోయాడంటారు. కూర్చుని మళ్లీ లెక్క కట్టాను. లోపలికెళ్లిన బరువు ఉంది, బయటికొచ్చిన లోహం బరువు ఉంది. చిట్టెం మాత్రం ఎన్నడూ తూచలేదు. వానకు షెడ్డు ముందు బురదైతే తట్టలతో పోసి తొక్కేయడం మా అలవాటు.

దారిలోంచి పాత ముక్క, కొత్త ముక్క ఏరాను. సైజు ఒకటే, కొత్తది చేతిని కిందికి లాగింది. సుత్తితో కొడితే లోపల ఆవగింజలంత బూడిదరంగు పూసలు. కొత్త సరుకులో ఇసుక ఎక్కువ. వెలిగారం మాత్రం పాత కొలతే. చిట్టెం ముదురుపాకమై, సీసం బొట్లు దిగలేక అందులోనే చిక్కుకున్నాయి.

"దారి తవ్వాలండీ," అన్నాను.

"ఆటోలెలా వస్తాయి?" అన్నాడు ఓనరు.

"నడిసొత్తాయి," అని బావ అప్పటికే గునపం దించేశాడు.

తవ్విన చిట్టెం దంచి, వెలిగారం పెంచి, చాకలిసోడా కలిపి, పోసే ముందు మంటమీదే చాలాసేపు నిలబెట్టాం. ఈసారి చిట్టెం నూనెలా జారింది. చల్లారాక బావ ఒక్క దెబ్బ వేస్తే గాజు విడిపోయి ముద్ద దొర్లింది. సీసం పోగొట్టాక మిగిలిన వెండిని మొదటి లోడులో ముందు తీసినదానితో కలిపి తూచాను. ఆ లోడు నమూనా లెక్కకు వెంట్రుకవాసి తేడా. నమ్మలేక మళ్లీ తూచాను. అదే!

ఓనరు ఆ వెండిని అందరి ముందూ బావ చేతిలో పెట్టి, "సంచి మాట నాదే తప్పయ్యా," అన్నాడు.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆయనకే ఇచ్చేసి, నావైపు తిరిగాడు. "రెండో లోడు సిట్టెం గేటుకాడుంది, ఇంకా తవ్వలేదు. గునపం అందుకో బావా."