మీ తాత ఉన్నడా, పోయిండా?

నవ్వుతమంటే నవ్వుర్రి, నేనేమనుకోను. కానీ మా స్వప్న ముంగట మాత్రం ఈ ముచ్చట ఎత్తకుర్రి. ఇప్పుడిప్పుడే నాతోని సక్కగ మాట్లాడుతున్నది.

నా గొంతు సంగతి మీకందరికి ఎరుకే. భజనల కూసుంటే పక్కనున్నోళ్లకు గూడ ఇనపడదు. "అక్కా, పాడుతున్నవా, ఉత్తగ పెదవులాడిస్తున్నవా?" అని మీరే అడుగుతరు. అసుంటి నేను, ముఖం ఎరుగని ఒక పెద్ద ఆఫీసరును పట్టుకొని "మీ తాత ఉన్నడా, పోయిండా?" అని తొమ్మిదిసార్లు అడిగిన. పోనీ నా పేరు మీద అడిగిన్నా అంటే, అది గూడ కాదు!

మొదటికెళ్లి చెప్త, ఇనుర్రి.

స్వప్న మా మరిది బిడ్డ. వాళ్లు నంగునూరుల ఎవుసం చేసుకుంటరు, ఈ పిల్ల చదువుకోసమని మా ఇంట్లనే పెరిగింది. చదువు అయిపోయి ఏడాదైంది. ఎక్కడ అడిగినా "ఉద్యమం జర సల్లబడనీయమ్మా, చూద్దాం" అనుడే. కంప్యూటర్ల ఒక సైటున్నది. పాటలు, సినిమాలు ఉండేది కాదు. అంత ఉద్యోగస్తులే. ఎవరు ఏ కంపెనీల ఏం పని చేస్తున్నరో ఫోటో పెట్టి రాసుకుంటరు. అందుల ఒక సారుకు ఈ పిల్ల ఉద్యోగం కోసం రాసుకున్నది. ఏడాదిల అందరికందరు మొండిచెయ్యి చూపిస్తే, ఆయన ఒక్కడే "మీ వివరాలు చూస్తున్నం" అని ఒక ముక్క రాసిండు. ఆ ఒక్క ముక్కనే పిల్ల పొద్దుకు నాలుగుసార్లు తెరిసి చదువుకునేది.

"చూడు పెద్దమ్మా, ఈ సారే" అని నాకు గూడ చూపించింది.

నేను కంపెనీ చూడలె, ఉద్యోగం చూడలె. ఇంటిపేరు చూసిన.

"అగో! ఇది మీ నానమ్మ పుట్టింటోళ్ల ఇంటిపేరు గద! పేరు సతీశ్! అంటే మన నర్సన్న మామ మనుమడే!"

"పెద్దమ్మా, హైదరాబాదుల గల్లీకి పది మంది సతీశ్‌లుంటరు."

"గా ముక్కు చూడవే. నర్సన్న మామ ముక్కే, దించినట్టున్నది."

"ముక్కు జోలికి పోకు పెద్దమ్మా, నీకు దండం పెడ్త. నాకు ఉద్యోగం కావాలె."

నర్సన్న మామ అంటే మా అత్తమ్మ తమ్ముడు. కొండపాకల ఉండేటోళ్లు. నా పెండ్లయిన కొత్తల వాళ్లింటికి పోతే ఆయన మనుమడు సతీశ్‌గాడు నన్ను వదలకపోయేది. చంకనెత్తుకొని ఊరంత తిప్పిన. నా పట్టుచీర తడిపిండు గూడ. తర్వాత వాళ్లు పట్నం పోయిన్రు, జాగలు అమ్ముకున్నరు, రాకడపోకడ బందైంది. అత్తమ్మ గూడ పోయింది. ఇప్పుడు ఆ పెద్దమనిషి ఉన్నడో లేడో చెప్పేటోళ్లు లేరు.

ఏం ఫరక్ పడ్తది అంటరా? నాకు పడ్తది. పెత్రమాస నాడు పోయిన పెద్దల పేరు మీద పంతులుకు బియ్యం, కూరగాయలు ఇస్తం గద. మా ఇంట్ల ఇచ్చేది మా ఆయన, పేర్లు అందించేది నేను. మూడు తరాల పేర్లు, ఇటోళ్లు అటోళ్లు, నాకు నోటికున్నయి. ప్రతియేడు నర్సన్న మామ కాడికి రాంగనే నోరు ఆగుతది. పోయినోని పేరు ఎత్తకపోతే ఆయన ఉపాసం. ఉన్నోని పేరు ఎత్తితే? రామ రామ, బతికున్న మనిషికి బియ్యం ఇచ్చినట్టు!

గిసుంటప్పుడు ఆ ముక్కు కండ్ల వడ్డది. ఎట్ల ఊకుంట చెప్పుర్రి?

అయినా ఊకున్న. పిల్ల దండం పెట్టింది గద అని ఊకున్న. గంతల తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు బందు, బడులు బందు, బొగ్గు బాయిల కాడ గూడ బందేనాయె, కరెంటు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. మా ఆయన బడి పంతులు, పొద్దుగాల లేస్తే దీక్ష టెంటు కాడనే. హైదరాబాదుల దోస్తు దగ్గరికి పోయిన స్వప్న గాడనే చిక్కుకపోయింది. ఫోన్ చేసి చెప్పింది:

"పెద్దమ్మా, కంప్యూటర్ల ఆ సైటు తెరిసే ఉన్నది. ఇన్‌బాక్స్ అని ఉంటది, అది ఒత్తు. ఆ సారు దగ్గరికెళ్లి ఏమన్న వచ్చిందా చూసి నాకు చెప్పు. ఇంకేది ఒత్తకు."

తాళంచెయ్యి నా చేతిల పెట్టి, బీరువ తెరవకు అన్నట్టే గద!

మొదటి రోజు చూసిన, ఏం రాలె. రెండో రోజు చూసిన, ఏం రాలె. పెత్రమాస దగ్గరవడ్తున్నది. ఇంట్ల ఒక్కదాన్నే. దీపం పెట్టిన, కూసున్న, లేసిన, మళ్ల కూసున్న. మనసు ఒక్క తీరుగ ఉంటలేదు. ఆ సారు ఫోటో కింద రాసేటందుకు ఖాళీ జాగ ఉన్నది. ఒక్క మాట అడిగితే ఏమైతది? ఉద్యోగం గురించి అడగను, ఇంటి మనిషి లెక్క అడుగుత. ఇంగ్లీషు అక్షరాలతోని తెలుగు రాసుడు స్వప్ననే నేర్పింది. మెల్లగ ఒక్కొక్క అక్షరం ఏరుకుంట కొట్టిన:

"నాయినా సతీశ్, బాగున్నవా? నిన్ను చంకనెత్తుకొని కొండపాకంత తిప్పిన, యాదికున్నదా? మీ తాత ఉన్నడా, పోయిండా? జల్ది చెప్పు నాయినా, పెత్రమాస వస్తున్నది."

సెండ్ ఒత్తిన. గంతే, కరెంటు పోయింది!

వచ్చినంక ఇన్‌బాక్స్ తెరిసి చూసిన. నేను రాసింది లేదు. అంటే పోలేదన్నట్టు గద? మళ్ల రాసిన. మళ్ల చూసిన, లేదు. పోస్టు డబ్బల వేసిన ఉత్తరం మన డబ్బల ఎట్ల కనవడ్తది అని ఆలోచన రావాలె గద, రాలె! కరెంటు వచ్చినప్పుడల్ల ఇన్‌బాక్స్ చూసుడు, లేకపాయె అనుకొనుడు, మళ్ల రాసుడు. రాసినకొద్ది నాకు గుర్తొచ్చేటివి గుర్తొస్తున్నయి, కోపమొచ్చేది కోపమొస్తున్నది. "నా పట్టుచీర తడిపినవు, నేనొక్క మాటన్ననా?" అని ఒకపారి. "పెద్ద ఆఫీసరువైనంక మేమేం కనవడ్తం నాయినా?" అని ఒకపారి. ఆఖరుకు ఇగ మర్యాదలు గూడ పోయినయి: "ఉన్నడా? పోయిండా? ఒక్క ముక్క!"

ఒకనాడు పొద్దుగాల ఎలుక జారి ఇన్‌బాక్స్ కింద ఇంకో దాని మీద పడ్డది. కంప్యూటరు ఎలుక, అసలుది కాదు. సెంట్ అని ఉన్నది. తెరుసుకున్నది.

నా పానం పోయినంత పనైంది! అన్నీ ఉన్నయి. ఒకదాని కింద ఒకటి, అన్నీ ఉన్నయి. ఒక్కటి గూడ కరెంటుకు పోలేదు. ఇంకో సంగతి అప్పుడు చూసిన. నేను రాసిన ప్రతి మాట పక్కన స్వప్న ఫోటో. నల్ల గౌను, నెత్తి మీద నాలుగు పలకల టోపీ, సన్నగ నవ్వుకుంట. ఆ నవ్వు పక్కన: "నిన్ను చంకనెత్తుకొని తిప్పిన."

లెంపలు వేసుకున్న. కొమురెల్లి మల్లన్నకు మొక్కిన. అప్పుడు కనవడ్డది డిలీట్ అని. ఆహా, దేవుడు దారి చూపించిండు అనుకున్న. వాకిట్ల ముగ్గు తప్పు పడితే చెరిపేస్తం, చెరిపినంక ఏముంటది? ఒక్కొక్కటి చెరిపిన. ఆగమాగంల పైన ఏమున్నదో కింద ఏమున్నదో చదవలె. అన్నీ చెరిపి, మొహం కడుక్కొని, చాయ పెట్టుకొని ఆరాముగ కూసున్న.

చాయ సల్లారకముందే ఫోను.

"పెద్దమ్మా! సారు ఫోన్ చేసిండు! ఎల్లుండి ఇంటర్వ్యూకు రమ్మన్నడు!"

"నా తల్లే! మల్లన్న ఉన్నడు."

"నేను ఆయనకు ఏమేం రాసిన్నో జర చదివి చెప్పు. దాని మీదనే అడుగుతరట. ఇక్కడ నెట్ సెంటర్లన్ని బంద్. ఇన్‌బాక్స్ కింద సెంట్ అని ఉంటది. మనం పంపినయన్ని అందుల ఉంటయి."

"ఉండె" అన్న మెల్లగ.

"ఏంది? జర గట్టిగ మాట్లాడు పెద్దమ్మా."

"ఉండె బిడ్డా. ఇప్పుడు లెవ్వు."

అప్పుడు చెప్పిన. మొత్తం చెప్పిన.

"అందుకేనా" అన్నది పిల్ల, "సారు ఫోన్ల 'ఇంట్ల పెద్దలంత క్షేమమేనా' అని అడిగిండు!"

"ఏం పరేశాను కాకు, అన్నీ చెరిపేసిన."

"అది ముగ్గు కాదు పెద్దమ్మా! మన దగ్గరి నకలు చింపితే ఆయన దగ్గర ఉన్నది చినుగుతదా? నీయి తొమ్మిది ఆయన దగ్గర పదిలంగ ఉన్నయి. పోయింది నేను రాసిందే!"

నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇంతకు ఎట్ల కొట్టినవు? పెద్ద అక్షరాలా, చిన్న అక్షరాలా?"

"అన్నీ పెద్దయే బిడ్డా. ఆఫీసరు గద, మర్యాదగ ఉంటదని."

"పెద్ద అక్షరాలంటే అరిసినట్టు పెద్దమ్మా! తొమ్మిదిసార్లు ఒర్లినట్టు!"

చూసిన్రా? పుట్టి బుద్ధెరిగినంక గొంతు ఎత్తని దాన్ని, ఒక్కసారి ఎత్తితే హైదరాబాదుదాక ఇనవడ్డది.

ఇంటర్వ్యూ నాడు నేను ముద్ద ముట్టలె. దేవుని అర్రల కూసుంటే మనసు ఫోను కాడ, ఫోను కాడ కూసుంటే మనసు దేవుని కాడ. పొద్దు తిరిగినంక చేసింది.

ముగ్గురు కూసున్నరట. ఆ సారు కాగితం చూసి "మీ వయసు ఇరువై మూడు అని రాసిన్రు. నా వయసు ముప్పై ఆరు. నన్ను చంకనెత్తుకొని ఎప్పుడు తిప్పిన్రు మేడమ్?" అన్నడట. పక్కనున్న మేడమ్ నీళ్ల గిలాస అందుకున్నదట. మా పిల్ల పెత్రమాస సంగతి, నా సంగతి అంత చెప్పుకున్నది. "అట్లనా? చీర ఆరిందా మరి?" అని సారు ఇంకోటి అడిగిండట.

అందాక నవ్వులాటనే. ఆ తర్వాతనే సారు నవ్వుడు ఆపిండట. "మా దగ్గర పని అంటే వందల మంది వివరాలు మీ చేతిల పెడ్తం. మీ అకౌంటునే తెరిసి పెట్టి పోయిన్రు. మరి మావి ఎట్ల కాపాడుతరు?" అని అడిగిండట.

"సారు అడిగింది నిజమే గద పెద్దమ్మా" అన్నది పిల్ల. "నా తప్పే, ఇంకోసారి గిట్ల కాదు అని లేసి వచ్చిన."

ఫోను పెట్టేసింది. నన్ను ఒక్క మాట గూడ అనలె. అంటే బాగుండు.

పెత్రమాస వచ్చింది. స్తంభం లెక్క కూసున్న. పంతులు ముంగట పేర్లు అందిస్తున్న, నర్సన్న మామ కాడ మళ్ల ఆగిన. మా ఆయన నా దిక్కు చూసిండు.

"ఉన్నడనుకో" అన్నడు. "ఉన్నోణ్ణి లేడంటే కోపమొస్తది. లేనోణ్ణి ఉన్నడంటే ఎవడన్న కోపం చేస్తడా?"

ఇంత చదువు చదివిన మనిషి ఈ మాట ముందుగాల చెప్తే ఏం పోయేది?

నాలుగొద్దులకు ఎవరిదో జీపు పట్టుకొని స్వప్న ఇల్లు చేరింది. నాతోని మాట లేదు. సీదా కంప్యూటరు ముంగట కూసున్నది, ముందుగాల పాస్‌వర్డ్ మార్చింది, నేను చూడకుంట చెయ్యి అడ్డం పెట్టుకొని. తర్వాత ఇన్‌బాక్స్ ఒత్తింది. నేను తలుపు కాడనే నిలవడ్డ.

"పెద్దమ్మా..." అన్నది. "ఇటురా."

సారు రాసిండు. పైన ఇంగ్లీషుల ఉద్యోగం ముచ్చట: తీసుకున్నరు, వచ్చే నెల చేరాలె! తప్పు ఒప్పుకునేటోళ్లు తక్కువ దొరుకుతరు అని గూడ రాసిండు. కింద నాకోసం, ఇంగ్లీషు అక్షరాల తెలుగు:

"పెద్దమ్మకు నమస్కారం. నేను మీ సతీశ్‌ను కాను. మాది కొండపాక కాదు, మా తాత పేరు నర్సన్న కాదు. మా తాత మంచిగున్నడు. మీరు రాసినయి ఇంట్ల చదివి ఇనిపించిన. అప్పటిసంది రోజు పొద్దుగాల లేవంగనే అడుగుతుండు: 'ఇయ్యాల ఆమె అడిగిందా, నేను ఉన్ననా పోయిన్నా అని?' మీరు అడుగుతలేరని జర దిగులు పెట్టుకున్నడు."

స్వప్న నవ్వుతున్నదా ఏడుస్తున్నదా తెలుస్తలేదు, నన్ను మాత్రం గట్టిగ పట్టుకున్నది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అంత పెద్దమనిషి దిగులు పెట్టుకుంటే ఊకుంటమా? పిల్ల లేసి నంగునూరుల వాళ్ల అమ్మకు ఫోన్ కలుపుతున్నది, నేను మెల్లగ కుర్చీ జరుపుకున్న. ఈసారి చిన్న అక్షరాలే. "తాత మంచిగున్నడు, సంతోషం నాయినా. మరి మీ నానమ్మ..." దాక కొట్టిన్నో లేదో, స్వప్న ఉరికొచ్చి, కీబోర్డు వైరు పీకి, దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనేసుకొని లోపలి అర్రలకు పోయింది.